లోడుకో ఆల్బమ్

నవంబరు 3, సోమవారం

స్టోరు మరిది ఇవాళ లాండ్రీ హాల్లో నోటీసు అంటించాడు. టైపు కొట్టించి, ప్లాస్టిక్ కవర్లో దూర్చి మరీ.

ఈ ఏటి ఆల్బమ్‌ల పోటీ డిసెంబరు పంతొమ్మిదిన. ఈ సంవత్సరం వచ్చినవాటిలో మనకు నచ్చిన పది ఆల్బమ్‌లు రాసుకొచ్చి అందరి ముందూ చదవాలి. ఉతుకులో రోగుల గౌన్లకు ఊడిపోయిన గుండీలు మా దగ్గర డబ్బాడు ఉంటాయి. హాల్లో పద్నాలుగు మందిమి, తలా ఒక గుండీ, ఎవరి లిస్టు నచ్చితే వాళ్ల సీసాలో వెయ్యాలి. గెలిచినవాళ్ల చేతికి ఏడాది పాటు హాలు స్పీకరు. ఇదంతా పాతదే. కింద చీమల బారులాంటి అక్షరాలతో కొత్తది ఒకటి చేర్చాడు. వరసగా అయిదేళ్లు గెలిచినవారికి స్పీకరు శాశ్వతంగా అప్పగించబడును, అటుపైన పోటీ ఉండదు.

వరసగా నాలుగేళ్లు గెలిచిన మహానుభావుడు ఎవరయ్యా అంటే తనే.

ఇతను మా ఆయనకు పిన్ని కొడుకు. ఈ హాస్పిటల్ లాండ్రీలో స్టోర్ కీపర్. డిగ్రీ పాసయ్యాడు, ఆ సంగతి మనం మర్చిపోకుండా చూసుకుంటాడు. నేను మూడో నంబరు వాషింగ్ మెషీను. అంటే దాన్ని నడిపేదాన్ని. ఇంకా పదకొండేళ్ల సర్వీసు ఉంది నాకు. పదకొండేళ్లూ ఇతని పాటలు వినాలా? ప్రతి ఆల్బమ్‌లోనూ మొదటి పాట వేస్తాడు, అది కాగానే ఇంకో ఆల్బమ్‌లో మొదటి పాట. పెళ్లిచూపులకు వెళ్లి కాఫీ తాగి లేచొచ్చేసే రకం.

వెళ్లి పేరు రాయించుకున్నాను. పాపం వదినా, మళ్లీనా, అన్నాడు.

నవంబరు 4

ఆ పాపం వదినా ఎందుకో రాసుకోవాలి. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

పోయినేడు నా లిస్టు నన్ను చదవనివ్వలేదు. నేను చదువుతాలే వదినా, నీకు తడబాటు, అని కాగితం లాక్కున్నాడు. నేను ఏడో క్లాసు. నా తప్పుల దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి జరిపి, ఇది ఏమిటో మరి అని అందరికేసి చూసి, మళ్లీ చదివాడు. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వించేదాన్నని పేరుంది కదా, పరువు నిలబెట్టుకోవాలి. ఇంటికొచ్చి బాత్రూములో ట్యాపు పెద్దగా తిప్పుకుని కూర్చున్నాను.

నా సీసాలో ఒకటే గుండీ. నేను వేసుకున్నదే.

నవంబరు 7, శుక్రవారం, లంచ్

నా లెక్క వేరు. మూడో నంబరులో ఒక లోడు నలభై రెండు నిమిషాలు. తలుపు బిగించి బటన్ నొక్కగానే ఆల్బమ్ మొదలుపెడతాను. పోయిన లోడు దుప్పట్లు మడత పెడుతూ వింటాను. బజర్ మోగేలోపు ఆల్బమ్ అయిపోవాలి. లోడుకో ఆల్బమ్. రోజుకు తొమ్మిది లోడులు. ఏడాదికి ఎన్ని ఆల్బమ్‌లో డిగ్రీగారిని లెక్క కట్టుకోమనండి.

వీటికి అసలు పేర్లు ఉంటాయి. నాకు నోరు తిరగవు, నా పేర్లు నేను పెట్టుకున్నాను. ఇప్పటికి లిస్టు ఇలా ఉంది.

నీలం అట్ట ఆల్బమ్ ఫస్టు. ఒక్క మనిషి, ఒక్క గిటారు. విన్నంతసేపూ ఎవరో మన పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నట్టు ఉంటుంది.

దగ్గు ఆల్బమ్ సెకండ్. నాలుగో పాట ముందు పాడే ఆమె దగ్గుతుంది. దాన్ని తీసెయ్యలేదు. దగ్గి, సారీ అని, పాట ఎత్తుకుంటుంది. ఆ దగ్గు కోసం పదిసార్లు విన్నాను.

మూడోది డ్రమ్ముల పిల్ల. ఆ పిల్ల కొడుతుంటే దుప్పట్లు వాటంతట అవే మడత పడతాయి.

అక్కాచెల్లెళ్ల ఆల్బమ్ నాలుగు. అట్ట మీద ఇద్దరున్నారు గానీ పాడేది ఒకతే. పాడి ఆగుతుంది. చాలాసేపు ఆగుతుంది. మళ్లీ పాడుతుంది. ఇంత ఖాళీ ఎందుకు వదిలిందో తెలియదు, కానీ ఆ ఖాళీ కూడా బాగుంది.

ముసలాయన ఆల్బమ్. డెబ్బై ఏళ్లకు మొదటి ఆల్బమ్ వేశాడట. సిగ్గు లేదు, తొందర లేదు. అది అయిదు.

ముప్పై ఒక్క నిమిషాల ఆల్బమ్ కూడా ఉంటుంది, ఎన్నోదో తేల్చుకోలేదు. లోడు కన్నా పదకొండు నిమిషాలు తక్కువ. అది అయిపోయాక ఇంకోటి పెట్టబుద్ధి కాదు. పదకొండు నిమిషాలు ఊరికే మెషీను వింటాను.

నవంబరు 11

మెషీను వింటూ ఉంటే ఒక పాడు ఆలోచన వచ్చింది. నా బుర్రకు మంచివి రావు.

మరిది ఏ ఆల్బమూ పూర్తిగా వినడని నా అనుమానం. రెండు పాటలు దాటితే గొప్ప. మరి నాలుగేళ్లుగా చివరి పాటల లోతు గురించి ఆ ఉపన్యాసాలేమిటి?

మూడో నంబరు స్పిన్ తిరిగేటప్పుడు డ్రమ్ము దగ్గర ఫోను పెట్టి రికార్డు చేశాను. అయిదు ముక్కలు. బస్టాపు పక్క ఫోన్ల షాపు అతనికి ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నాను. ముందు రెండు మాత్రం మంచి పాటలు, ఎవరికీ తెలియని ఒక చిన్న బ్యాండువి. మూడు నుంచి ఏడు దాకా మా మెషీను గారి గాత్రం. ఆల్బమ్ పేరు 'వలయం'. పాటలకు పేర్లు కూడా పెట్టాను. తెల్లని వలయం, నీటి ధ్యానం, చివరి మలుపు. అట్టకు డ్రమ్ము లోపలి ఫొటో. నిజంగానే బాగా కుదిరింది. ఫోన్ల షాపు అతను ఇది ఎక్కడ దొరుకుతుందమ్మా అని అడిగాడు.

నవంబరు 12

ఇచ్చాను. మరిదీ, ఇది నాకు అంతుపట్టడం లేదు, చదువుకున్నవాడివి నువ్వే చెప్పాలి అన్నాను. చదువుకున్నవాడివి అన్న మాటకు కరిగిపోయాడు.

నవంబరు 15, శనివారం

పెన్‌డ్రైవ్ తిరిగిచ్చాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఇచ్చాడు. మొదట్లో తాళం బిగువుగా ఉందట. పోను పోనూ కళాకారుడు లోపలికి ప్రయాణం చేశాడట. చివర్లో ఒక ప్రశాంతత ఉంది వదినా, ఇంకో రెండుసార్లు వింటే నీకూ తెలుస్తుంది, తొందరపడకు, అన్నాడు.

అవును నాయనా, డ్రెయిన్ అయ్యేటప్పుడు ప్రశాంతంగానే ఉంటుంది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దుప్పట్ల ట్రాలీ వెనక కూర్చుని నోట్లో గౌను కుక్కుకుని నవ్వాను. రోలర్ మీద దుప్పట్లు ఇస్త్రీ చేసే అత్త వచ్చి, ఏమ్మా, ఏడుస్తున్నావా, ఇంట్లో ఏమన్నా గొడవా అని వీపు నిమిరింది.

కాపీ తన దగ్గర ఉంచుకున్నాడట. లిస్టులో పెడతాడు. పెట్టకపోతే నా పేరు మార్చుకుంటాను.

నవంబరు 18

ఎడమ చెవి పోటు. నిన్న మొదలైంది, ఇవాళ దవడ కదపలేకపోయాను. స్టాఫ్ కోటాలో చెవి డాక్టరుగారికి చూపించుకున్నాను. ఆయన లైటు పెట్టి చూసి, ఈ చెవిలో కాపురం పెట్టావా అమ్మా అన్నాడు. రోజంతా ఇయర్‌ఫోన్ ఇందులోనే ఉంటుందండీ అన్నాను. రెండోది? రెండోది పెట్టుకోకూడదండీ, బజర్ వినపడాలి, వెనక ట్రాలీలు వస్తుంటాయి, ఒక చెవి ఖాళీగా ఉంచాలని లాండ్రీలో రూలు. ఎన్నేళ్ల నుంచి అని అడిగాడు. లెక్కపెడితే తొమ్మిదేళ్లు.

చుక్కలు వేసి దూది కుక్కాడు. అయిదు రోజులు ఎడమ చెవిలో ఏమీ పెట్టొద్దు. పాటల్లేకుండా బతకగలవా అన్నాడు. కుడి చెవి ఉందిగా అన్నాను.

నవంబరు 19, పొద్దున పదకొండు

ఎవరో నా ఫోనులో పాటలు మార్చేశారు.

అక్కాచెల్లెళ్ల ఆల్బమ్ పెట్టాను, ఈసారి కుడివైపు ఇయర్‌ఫోన్, కుడి చెవిలో. ఇంతకాలం విన్న గొంతు లేదు. వేరే ఎవరో పాడుతోంది, సన్నటి గొంతు. అది కూడా ఆగి ఆగి. అవే మాటలు కావు. నాకు తెలియని మాటలు.

ఇది మరిది పనే. 'వలయం' సంగతి పసిగట్టి బదులు తీర్చుకున్నాడు. అంత తెలివి ఉందా అతనికి? లంచ్‌లో అడిగేస్తా.

అదే రోజు, సాయంత్రం

అడిగాను. నా ఫోను ముట్టావా అన్నాను. నీ ఫోనుకు తడి వదినా, నేను ముట్టను, అన్నాడు. మొహంలో ఏమీ లేదు. అబద్ధమాడేటప్పుడు ముక్కు గోక్కుంటాడు. గోక్కోలేదు.

నవంబరు 22, శనివారం, సాయంత్రం అయిదు

ఇంకా వంట మొదలుపెట్టలేదు. అయినా రాస్తాను.

డాక్టరు చెప్పినదానికి ఒక రోజు ముందే దూది పీకేశాను. సోఫాలో కూర్చుని రెండూ పెట్టుకున్నాను, ఒక చెవిలో ఒకటి. తొమ్మిదేళ్లలో మొదటిసారి. మూడో పాట పెట్టాను.

అక్క ఎడమవైపు నుంచి అడుగుతుంది. ఎక్కడికెళ్లావే అంటుంది. ఆగుతుంది. ఆ ఆగినచోట, నేను ఏడాదంతా ఖాళీ అనుకున్నచోట, కుడివైపు నుంచి చెల్లెలు. ఎక్కడికీ వెళ్లలేదే, నీ వెనకే ఉన్నా, అంటుంది.

వెనక్కి తిరిగి చూశాను. నిజంగా చూశాను. గోడ ఉంది.

మా ఆయన హాస్పిటల్ వ్యాను పెట్టేసి ఇంట్లోకి వస్తూ నా మొహం చూసి, ఎవరు పోయారే అన్నాడు. ఎవరూ పోలేదు, ఒకతె వచ్చింది అన్నాను. అతనికేం అర్థమవుతుంది.

నవంబరు 23

నా మొహం నేనే అద్దంలో చూసుకోలేకపోయాను.

మరిది ఏడు పాటల్లో రెండు విని అబద్ధం చెప్పాడు. నేను పది ఆల్బమ్‌లూ సగం సగం విని నిజమే చెబుతున్నాననుకున్నాను. ఖాళీ కూడా బాగుంది అని రాశాను చూడు పైన. ఏం మొహం పెట్టుకుని రాశాను! అతనికైనా వినలేదని తెలుసు.

లిస్టు కొట్టేశాను. పదీ మళ్లీ వినాలి. రెండు చెవులతో. పనిలో కుదరదు, రూలు రూలే. ఇంట్లోనే.

డిసెంబరు 1, సోమవారం

చేతులు ఊరికే పెట్టుకుని పాట వినడం ఎంత కష్టమో ఎవరికి చెప్పినా నమ్మరు. మొదటి రోజు నా చేతులు వాటంతట అవే లేచి తువ్వాలు వెతుక్కున్నాయి. మడతపెట్టాను, విప్పాను, మళ్లీ మడతపెట్టాను. మా ఆయన చూసి చూసి, ఏమే, అది నీకేం అపకారం చేసింది, అయిదోసారి మడుస్తున్నావు, అన్నాడు. నిన్న పక్కన చేరి, నాకూ ఒక చెవి ఇవ్వవే అన్నాడు. చెయ్యి మీద ఒక్కటిచ్చాను. సగం ఇవ్వను. నేను విన్నాక మొత్తం తీసుకో అన్నాను. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, పాట కోసం దెబ్బ తినడం ఇదే మొదలు అన్నాడు. తర్వాత మొత్తం తీసుకున్నాడు కూడా. నీలం అట్ట వింటూ నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నీలం అట్టకు అది మెప్పో తిట్టో తేల్చుకోలేకపోయాను.

లిస్టు తలకిందులైంది. డ్రమ్ముల పిల్ల తొమ్మిదికి పడింది. కుడివైపు ఇంకో వాయిద్యం ఉందని నాకేం తెలుసు, రేకుల షెడ్డు మీద గులకరాళ్లు పోసినట్టు. పాపం, ఆ పిల్ల తప్పు లేదు. దగ్గు ఆల్బమ్‌లో దగ్గు రెండు వైపులా వస్తుంది, అయినా ఒక్క మెట్టు దిగింది, మూడు. నా తలలో నడిమధ్య నిలబడి దగ్గినట్టుంది. ముసలాయన నాలుగు. ఆయన కుడివైపు ఎవరో కాలితో నేల తడుతున్నారు. చెప్పు లేని కాలు. నీలం అట్ట రెండు చెవుల్లోనూ ఒకటే. తప్పేమీ చెయ్యకుండానే రెండుకు దిగింది.

ఫస్టు ఎవరో చెప్పక్కర్లేదు.

డిసెంబరు 5

లంచ్‌లో మరిది స్టోరుకు వెళ్లగానే హాలు స్పీకరుకు నా ఫోను తగిలించాను. అక్కాచెల్లెళ్ల మూడో పాట. తూర్పు గోడ మీద ఒకటే స్పీకరు ఉంది మాకు. అక్క అడిగింది. ఖాళీ. మళ్లీ అడిగింది. ఖాళీ. చెల్లెలు రానే లేదు.

హాస్పిటల్ కరెంటాయన్ని పిలిచాను. ఆరేళ్ల క్రితం దాన్ని బిగించింది ఆయనే. డబ్బాలో రెండు స్పీకర్లు వచ్చాయమ్మా, వైరు ఒకదానికే సరిపోయింది, రెండోది స్టోరులో పడేశాను, వైరు వచ్చాక బిగిద్దామనుకున్నాను, ఆనక మర్చిపోయాను, అన్నాడు. అయితే ఇన్నాళ్లూ పాటలో ఒక పక్కే వస్తోందా అంటే, తల గోక్కుని, ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదుగా అన్నాడు.

ఆరేళ్లు. పద్నాలుగు మంది. చెవులు ఇరవై ఎనిమిది.

డిసెంబరు 8, సోమవారం

స్టోరు నుంచి ఏది కావాలన్నా చీటీ పెట్టాలి. చీటీలో కారణం అని ఒక గడి. సగం పాట వినపడటం లేదు, రెండో స్పీకరు కావలెను అని రాసి ఇచ్చాను. మరిది చదివాడు. నావైపు చూశాడు. మళ్లీ చదివాడు. నలిపి బుట్టలో వేశాడు.

ఈసారి నేను పడను వదినా, అన్నాడు. పోయిన వేసవిలో సాక్సులకు కూడా ఇస్త్రీ చెయ్యాలని ఆఫీసు ఆర్డరొచ్చిందన్నావు, రెండు రోజులు చేయించాను. సబ్బు వాసన చూసి సంతకం పెట్టాలన్నావు, పెట్టాను. ఆడిటరు వస్తున్నాడని నాతో టై కట్టించావు. ఇప్పుడు సగం పాట అంటున్నావా? మిగతా సగం ఎవరు తిన్నారు?

ఒట్టు మరిదీ అన్నాను. ఆ ఒట్టు వినే టై కట్టుకున్నాను అన్నాడు.

నాకు కోపం రాలేదు. వచ్చే హక్కు లేదు. రోలర్ అత్తతో చెబితే, నీ సంగతి నాకు తెలీదా తల్లీ, అని నవ్వి బుగ్గ గిల్లింది. సూపర్వైజరమ్మ వినను కూడా వినలేదు. మా ఆయన వైపు చూశాను. నాకు రెండు చెవుల్లోనూ వినపడింది, నేను నమ్ముతాను, కానీ స్టోరు తాళం నా దగ్గర లేదుగా అన్నాడు.

డిసెంబరు 18

రేపే.

మరిది చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు చూశాను. 'వలయం' మూడో స్థానం, నాలుగున్నర స్టార్లు. హాల్లో ఎవరైనా లిస్టులోంచి ఒక పాట అడిగి వేయించుకోవచ్చు. నేను రేపు చెయ్యి ఎత్తి, నీటి ధ్యానం వెయ్యి నాయనా అంటే చాలు. అతని పని అయిపోతుంది. స్పీకరు నాది.

కానీ నా లిస్టు ఎవరూ వినరు. నవ్వుకుని, గుండీలు నా సీసాలో పారేసి, ఇళ్లకు పోతారు. వచ్చే ఏడాదంతా సగం పాటలే వేసుకుంటూ కూర్చుంటాను, విజేతగారిని.

అడగను. నోరు కుట్టేసుకుంటాను. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను.

డిసెంబరు 19, శుక్రవారం, సాయంత్రం ఏడు

వరసగా రాస్తాను. ఆగితే మర్చిపోతాను. మర్చిపోను కానీ.

చివరి లోడు దించేసి నాలుగింటికి అందరం దుప్పట్ల మూటల మీద కూర్చున్నాం. కరెంటాయన కూడా వచ్చాడు, ఓటు లేకపోయినా. ముందు మరిది. గొంతు సవరించుకుని చదివాడు. బాగానే చదివాడు, దొంగైనా గొంతుంది. మూడో స్థానానికి వచ్చేసరికి నేను కాళ్లవైపు చూసుకున్నాను. ఈ కళాకారుడు ఎవరో ఎవరికీ తెలియదు, చివరి పాటల్లో మౌనంలోకి ప్రయాణిస్తాడు, వినేవారిని తనతో తీసుకుపోతాడు, అన్నాడు. చప్పట్లు. నేను నోరు తెరవలేదు. ఇది ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు నేనే నమ్మనేమోనని. తెరవలేదు.

చెయ్యి ఎత్తింది రోలర్ అత్త. నాయనా, ఆ నీటి ధ్యానం వెయ్యి, పేరు చల్లగా ఉంది, నా మోకాళ్లకేమన్నా హాయిగా ఉంటుందేమో, అంది.

మరిది సంతోషంగా నొక్కాడు.

గుర్రు గుర్రు గుర్రు. టక. గుర్రు గుర్రు. టక.

కరెంటాయన తల పక్కకు వంచి, బేరింగు పోయింది అన్నాడు. సూపర్వైజరమ్మ లేచి నిలబడి, ఇది మన మూడో నంబరు కాదూ అంది. అంతే. హాలు పగిలిపోయింది. రోలర్ అత్త మూట మీంచి జారి కింద పడి, అక్కడే నవ్వుతూ ఉండిపోయింది. వినేవారిని తనతో తీసుకుపోతాడు అని ట్రాలీలు తోసే అన్నదమ్ములిద్దరూ ఒకడి మీద ఒకడు పడి అరుస్తున్నారు.

మరిది ఆపు చెయ్యడం కూడా మర్చిపోయాడు. మెషీను అలా తిరుగుతూనే ఉంది. అతను అందర్నీ వదిలేసి నావైపే చూశాడు. చెవులు ఎర్రగా కాలిన పెనంలా ఉన్నాయి. ఒక కాగితం పట్టుకుని పోయినేడు నేను నిలబడ్డచోటే నిలబడ్డాడు.

గెలుపు నడిచొచ్చి నా ఒళ్లో కూర్చుంది. దాన్ని ముద్దు పెట్టుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను.

లేచాను. ఆ రికార్డు నాదే, నేనే ఇచ్చాను, నవ్వడం అయిపోతే వినండి అన్నాను. మరిది రెండు పాటలే విన్నాడు, సరే. నేను పది ఆల్బమ్‌లు సగమే విన్నాను. తొమ్మిదేళ్లు. మీరూ అంతే. ఈ గోడ మీద స్పీకరులోంచి ఆరేళ్లుగా సగమే వస్తోంది. మీరందరూ సగం పాటలకు గుండీలు వేశారు.

మళ్లీ నవ్వారు. వెయ్యమ్మా వెయ్యి, ఇంకో పువ్వు పెట్టు మా చెవిలో, అంది సూపర్వైజరమ్మ. కరెంటాయనా చెప్పు అన్నాను. ఆయన నేల చూపులు చూస్తూ, నిజమేనండీ, రెండోది స్టోరులో ఉంది, ఇప్పుడు వైరు కూడా ఉంది, అన్నాడు. నవ్వు తగ్గింది. అందరూ మరిదికేసి తిరిగారు. స్టోరు తాళం అతని జేబులో ఉంది.

లేదు అనొచ్చు. పాడైన సామాన్ల కింద పారేశాననొచ్చు. అతని స్థానంలో నేనుంటే తాళంచెవి మింగేసి ఉండేదాన్ని. అతను తాళంచెవి తీసుకుని స్టోరుకు వెళ్లాడు. చాలాసేపు రాలేదు. పారిపోయాడు అనుకున్నాం. ట్రాలీ చప్పుడైంది. దాని మీద స్పీకరు, దుమ్ము తుడిచి, కింద దుప్పటి పరిచి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు.

కరెంటాయన పడమటి గోడకు తగిలించేలోపు నా లిస్టు చదివాను. నేనే చదివాను. వేరే కాగితం రాయలేదు, ఈ డైరీనే పట్టుకెళ్లాను. ఉన్నదున్నట్టు. గోళ్లు కొరుక్కునే మనిషి, దగ్గు, చెప్పు లేని కాలు, గులకరాళ్లు, మా ఆయన తెరిచిన నోరు. తడబడ్డాను. తడబడ్డచోట వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. నవ్వారు. ఈ నవ్వు వేరు. ఈ నవ్వు నా వెనక నడిచొచ్చింది.

తర్వాత మూడో పాట వేశాను.

తూర్పు గోడ నుంచి అక్క అడిగింది. ఎక్కడికెళ్లావే. ఖాళీ వచ్చింది. పడమటి గోడ నుంచి, వాషింగ్ మెషీన్ల పైనుంచి, మా అందరి తలల మీదుగా చెల్లెలు పలికింది. పద్నాలుగు తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఎక్కడికీ వెళ్లలేదే, నీ వెనకే ఉన్నా.

రోలర్ అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇన్నాళ్లూ ఈ పిల్ల ఎక్కడుందే, అంది నాతో. స్టోరులో ఉందత్తా అన్నాను.

పాట అయిపోయినా ఎవరూ సీసాల దగ్గరికి కదల్లేదు. మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. మళ్లీ అన్నారు.

నా సీసాలో పన్నెండు. మరిది సీసాలో రెండు. ఆ రెండూ ట్రాలీ అన్నదమ్ములవి. వాళ్లకు పాటలతో పని లేదు, స్టోరులో సబ్బు ముక్కలతో పని. మరిది తన గుండీ అందరి ముందూ నా సీసాలో వేశాడు. ఠంగుమని వేశాడు, పడిందని అందరికీ తెలిసేలా. వేస్తూ నెమ్మదిగా, వదినా, ఆ మొదటి రెండు పాటలు మాత్రం నిజంగా బాగున్నాయి, ఎవరివి, అని అడిగాడు. పూర్తి ఆల్బమ్ ఇస్తాను, పూర్తిగా వింటావా అన్నాను. ముక్కు గోక్కోబోయి, చెయ్యి దించేసుకున్నాడు.

స్పీకరు నాది! రెండూ నావి! మా ఆయన వ్యాను హారను మోగించుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు. వీధిలో వాళ్లు ఎవరికో పురుడొచ్చిందనుకుని తప్పుకున్నారు.

డిసెంబరు 20

నోటీసు చించాను. కొత్తది నేనే రాసి అంటించాను, చేత్తో. పోటీ ప్రతి ఏడూ ఉండును. అయిదేళ్లు గెలిచినా, యాభై ఏళ్లు గెలిచినా ఉండును. అక్షరదోషాలు ఎవరికైనా కనబడితే తమలోనే ఉంచుకొనవలెను.

జనవరి 6, మంగళవారం

రెండు గోడల పాటా వచ్చి కలిసేచోటు హాలు నడుమ ఒకటుంది. కరెంటాయన సుద్దముక్కతో అక్కడ గుండ్రం గీశాడు. ఒక మనిషి పట్టేంత. అందరూ అందులో నిలబడాలనేసరికి సూపర్వైజరమ్మ రూలు పెట్టింది, మనిషికి ఒక పాట, వరస తప్పకూడదు. ఇవాళ నాది ఏడో నంబరు. నా ముందు మరిది. గుండ్రంలో కళ్లు మూసుకుని నిలబడి ఇది నాలుగో పాట. పిలిస్తే పలకడం లేదు.